తాతమ్మ కథ రాసిపెట్టడం ఎలా: మొదటి కాగితం నుంచి చివరి ప్రతి దాకా

ప్రతి మనిషికీ నలుగురు తాతమ్మలు ఉంటారు. చాలా ఇళ్ళలో ఆ నలుగురిలో ఒక్కరి పేరు గుర్తుంటే గొప్ప. ముత్తాతల పేర్లు ఆస్తి కాగితాల్లోనో ఇంటిపేరు పట్టుకునో ఎలాగోలా నిలుస్తాయి. ఆడవాళ్ళ పేర్లు మాత్రం ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అన్న మాటల వెనక్కి వెళ్ళిపోతాయి. అందుకే ముత్తాతను వెతికినట్టు తాతమ్మను వెతికితే దొరకదు. ఆమె పేరుతోనే ఉన్న కాగితాలు తక్కువ. పిల్లల కాగితాల్లో, అన్నదమ్ముల కాగితాల్లో, పక్కింటివాళ్ళ మాటల్లో ఒక మూల కనిపిస్తుంది. ఆ మూలలు పట్టుకుని ఆమె దాకా వెళ్ళాలి.

ఇందులో తొందరపడాల్సిన పని ఒకటే ఉంది. ఆమెను కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉంటే, మిగతావన్నీ పక్కనపెట్టి ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. ఆర్కైవ్‌లో ఉన్న కాగితం వచ్చే ఏడాదికీ అక్కడే ఉంటుంది.

ఏ తాతమ్మ?

‘తాతమ్మ’ అన్నా ‘ముత్తవ్వ’ అన్నా ఎవరన్నది ఇంటింటికీ మారుతుంది. ‘జేజమ్మ’ కొన్ని ఇళ్ళలో నాయనమ్మ, కొన్ని ఇళ్ళలో తాతమ్మ. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే పిలుపుతో ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి గంటసేపు మాట్లాడుకోవడం మామూలే. అందుకని వంశవృక్షాల్లో వాడే అంకెలు మొదటిరోజే పెట్టుకోండి. మీరు 1. ఎవరి అంకెనైనా రెండింతలు చేస్తే వాళ్ళ తండ్రి, దానికి ఒకటి కలిపితే వాళ్ళ తల్లి. నాన్న 2, అమ్మ 3, నాన్న తరఫు తాత 4, నాయనమ్మ 5, అమ్మ తరఫు తాత 6, అమ్మమ్మ 7. ఈ లెక్కన నాయనమ్మకు అత్తగారు 9, నాయనమ్మ తల్లి 11, అమ్మమ్మకు అత్తగారు 13, అమ్మమ్మ తల్లి 15. ఫోటో వెనకా, ఫైలు పేరులో, నోటుపుస్తకంలో ఈ అంకె ఒక్కటి ఉంటే చాలు, తికమక ఉండదు.

మొదట ఒక్కరినే ఎంచుకోండి. నలుగురినీ ఒకేసారి మొదలుపెడితే నాలుగు సగం కథలు మిగులుతాయి. ఎవరిని తీసుకోవాలో తోచకపోతే, చూసినవాళ్ళు ఎక్కువమంది బతికున్న తాతమ్మను తీసుకోండి.

మొదటి కాగితం

ఒక కాగితం మీద మూడు నిలువు గళ్ళు గీయండి: విషయం, ఎవరు చెప్పారు లేదా ఎక్కడ ఉంది, వాళ్ళకెలా తెలుసు. ఇప్పటికి మీకు తెలిసిందంతా అందులోకి ఎక్కించండి. ‘చాలా పొడుగు మనిషి’ అన్నది కూడా ఒక విషయమే. మూడో గడి ఖాళీగా వదలకండి. ‘అమ్మ చెప్పింది’ అంటే సరిపోదు. అమ్మ ఆమెను చూసిందా, లేక వాళ్ళమ్మ చెప్పగా విన్నదా? ఆరు నెలల తర్వాత రెండు తేదీలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు దారి చూపేది ఆ మూడో గడే. ‘మూలం తర్వాత రాద్దాంలే’ అని వదిలేయడమే ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు. తర్వాత గుర్తుండదు, చేసిన వెతుకులాటే మళ్ళీ చేయాల్సి వస్తుంది.

పెద్దవాళ్ళతో కూర్చోవడం

ఎవరు దగ్గరి చుట్టం అని చూడకండి. ఎవరు ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నారు, అప్పటికి వాళ్ళ వయసెంత, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది అన్నవి చూసి వరస పెట్టుకోండి. మనిషికి పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవి మిగతా కాలం కంటే బాగా గుర్తుంటాయి. ఆ వయసులో ఆమె దగ్గర మసలిన మనవరాలో, చిన్న కోడలో కొడుకు కంటే ఎక్కువ చెప్పగలరు. కోడళ్ళను మరిచిపోవద్దు. ఇంటి లోపలి సంగతులు కొడుకులకు తెలియనివి వాళ్ళకు తెలుసు.

ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. ఇద్దరిని కలిపి కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాళ్ళ మాటే నిలుస్తుంది, రెండోవాళ్ళు ‘అంతే అంతే’ అనేస్తారు. ఒక విడతకు ముప్పావుగంట నుంచి గంట చాలు. అలసిపోయిన మనిషిని సాగదీస్తే తేదీలూ పేర్లూ కలిసిపోతాయి. పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళండి. మొదటి విడత కదిలించిన జ్ఞాపకాలు రెండోసారికి పైకి వస్తాయి.

రికార్డు చేస్తున్నట్టు చెప్పి, ఒప్పుకున్నారన్న మాట రికార్డులోనే పడనివ్వండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మెత్తటి గుడ్డ మీద, వాళ్ళ నోటికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. వట్టి బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా మాటను మింగేస్తుంది. ఫ్యాను ఆపగలిగితే ఆపండి. వీలైతే మాటను కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ (WAV) ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకోండి. ఒకే ఛానల్ మీద గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. మొదటి నిమిషంలో తేదీ, చోటు, ఎవరు మాట్లాడుతున్నారు, ఆమెకు ఏమవుతారు అన్నవి మీ గొంతుతో చెప్పండి. గంట రికార్డింగు విని రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అందుకని అదే రోజు రాత్రి, వినకుండానే, గుర్తున్న ముఖ్యమైన పేర్లూ సంగతులూ ఒక పేజీలో రాసుకోండి.

ఇక ప్రశ్నలు. ‘తాతమ్మ ఎలాంటి మనిషి?’ అని అడిగితే ‘చాలా మంచిది’ అని వస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది. గుణం అడక్కండి, పని అడగండి. పొద్దున లేవగానే మొదట ఏం చేసేది? ఇంట్లో ఎక్కడ కూర్చునేది? కోపమొస్తే మాట్లాడేదా, మానేసేదా? తాళాలు ఎవరి దగ్గర ఉండేవి? చదవడం వచ్చా, సంతకం చేసేదా, వేలిముద్ర వేసేదా? పుట్టింటి నుంచి ఎవరొచ్చేవాళ్ళు, ఎన్నాళ్ళకొకసారి వచ్చేవాళ్ళు? డబ్బు చేతిలో ఉండేదా? జబ్బు చేస్తే ఎవరు చూసేవాళ్ళు?

అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఇంటి పటం. తెల్లకాగితం ఇచ్చి ఆ ఇల్లు గీయమనండి. గీయలేకపోతే వాళ్ళు చెబుతుంటే మీరు గీయండి. గుమ్మం ఎటు, నీళ్ళు ఎక్కడ, ఆమె పడుకునేది ఎక్కడ. గది గీస్తున్నప్పుడు ఆ గదిలో జరిగినవి వాటంతటవే వస్తాయి. ‘ఇక్కడ ఒక పెట్టె ఉండేది’ అన్నారనుకోండి, అందులో ఏముండేది, ఇప్పుడది ఎవరి దగ్గరుంది అని వెంటనే అడగండి. దొరకాల్సిన కాగితాలు సగం ఆ పెట్టెలోవే.

ఒక ప్రశ్నను మాత్రం మెల్లగా, గౌరవంగా, తప్పకుండా అడగాలి: ఎంతమంది పుట్టారు, ఎంతమంది దక్కారు? ఆమె బతుకులో సింహభాగం ఈ రెండు అంకెల మధ్య ఉంటుంది. దక్కని బిడ్డలకు పేర్లుంటే రాయండి. పేరు పెట్టకముందే పోయినవాళ్ళను కూడా వరసలో లెక్కపెట్టండి. ఇద్దరు పిల్లల మధ్య అయిదారేళ్ళ ఎడం కనిపిస్తే అక్కడ ఒక బిడ్డో, ఒక గర్భమో, భర్త దూరదేశం వెళ్ళిన కాలమో ఉండే అవకాశం ఉంది. అయినా అడిగి తెలుసుకోవాలే తప్ప ఊహించి నింపకూడదు.

జవాబు రాకపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. పది సెకన్లు ఊరుకోండి. తప్పు చెబుతున్నారని తెలిసినా అక్కడ దిద్దకండి. దిద్దిన క్షణం నుంచి వాళ్ళు మీకు నచ్చేదే చెబుతారు. రెండో పెళ్ళి, వదిలేసి వెళ్ళడం, బలవన్మరణం లాంటి మాట బయటపడితే, ‘ఇది రాయమంటారా, వద్దా?’ అని అడగండి. వద్దంటే రాయొద్దు.

వయసు నుంచి పుట్టిన కాలం లెక్క

ఆ తరం ఆడవాళ్ళలో చాలామందికి పుట్టినతేదీ కాగితం మీద ఉండదు, వయసు మాత్రం అక్కడక్కడా ఉంటుంది. ఒక్క వయసును నమ్మకండి, మూడింటిని కలపండి. ఉదాహరణకు, బ్రిటన్‌లో 1911 ఏప్రిల్ 2న తీసిన జనాభా లెక్కలో ఒకామె వయసు 24 అనుకుందాం. అంటే ఆమె 1886 ఏప్రిల్ 3కీ 1887 ఏప్రిల్ 2కీ మధ్య పుట్టింది. 1968 సెప్టెంబరు 10న చనిపోయినప్పుడు 82 అని ఉంది. ఆ లెక్కన 1885 సెప్టెంబరు 11, 1886 సెప్టెంబరు 10 మధ్య. 1908 జూన్ 14న పెళ్ళి కాగితంలో 22. అది 1885 జూన్ 15 నుంచి 1886 జూన్ 14 దాకా. మూడూ ఒకదాని మీద ఒకటి పరిస్తే అన్నిటికీ ఉమ్మడిగా మిగిలేది 1886 ఏప్రిల్ 3 నుంచి జూన్ 14 దాకా, అంటే రెండున్నర నెలల లోపు. పుట్టిన కాగితం లేకుండానే అంత దగ్గరికి వచ్చాం.

మూడూ కలవకపోతే ఏది తప్పో చూడాలి. 30, 35, 40, 50 లాంటి గుండు అంకెలు ముందుగా అనుమానించదగ్గవి. వయసు సరిగా తెలియనప్పుడు సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకె చెప్పడం లోకమంతటా ఉంది. పెళ్ళి కాగితాల్లో వయసు పెంచడమో తగ్గించడమో జరుగుతుంది. చనిపోయినప్పుడు చెప్పిన వయసు అల్లుడో మనవడో అంచనాగా చెప్పింది కావచ్చు.

వయసు లెక్కపెట్టే పద్ధతే వేరుగా ఉండొచ్చు. ముస్లింల హిజ్రీ క్యాలెండరులో ఏడాదికి సుమారు 354 రోజులు. ఆ లెక్కన 66 ఏళ్ళంటే సూర్యమానంలో 64. కొరియా సంప్రదాయ లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు. 2023 జూన్ 28 నుంచి అక్కడి చట్టం అంతర్జాతీయ పద్ధతికి మారింది కానీ, పాత మాటలు పాత లెక్కలోనే ఉంటాయి. రష్యా 1918లో, గ్రీసు 1923లో పాత జూలియన్ క్యాలెండరు వదిలాయి. అప్పటికి ఇప్పటి క్యాలెండరుతో దాని తేడా 13 రోజులు. తెలుగు సంవత్సరం పేరు చెబితే అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుందని మరవకండి. రాక్షస నామ సంవత్సరం 1915-16లోనూ వచ్చింది, 1975-76లోనూ వచ్చింది. పైగా ఆ సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. పుష్య, మాఘ మాసాల తేదీ చాలావరకు రెండో ఇంగ్లిషు ఏడాదిలోకే పోతుంది.

ఏ తేదీ దొరక్కపోతే లోకానికంతటికీ తెలిసిన సంఘటనలతో ముడిపెట్టి అడగండి. 1914-18 యుద్ధం, 1918 ఇన్‌ఫ్లుయెంజా, 1939-45 యుద్ధం. ‘ఆ జ్వరాలప్పటికి పెద్దబిడ్డ పుట్టిందా?’ అన్న ప్రశ్నకు జవాబు వస్తుంది. ‘ఏ సంవత్సరం?’ అంటే రాదు.

ఫోటో చదవడం

ఒక్క ఫోటో ఉందనుకోండి. ముందు ముఖం చూడకండి, అట్ట చూడండి. గట్టి అట్టకు అతికించిన చిన్న ఫోటో, అట్ట సుమారు 6.3 × 10 సెంటీమీటర్లు ఉంటే, అది 1854లో ఫ్రాన్స్‌లో పేటెంట్ పొందిన ‘కార్ట్ ద విజిట్’ రకం. సుమారు 10.8 × 16.5 ఉంటే ‘క్యాబినెట్ కార్డు’. అది 1860ల మధ్య నుంచి వాడుకలోకి వచ్చి ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళదాకా నడిచింది. వెనకవైపు పోస్టుకార్డులా గీత ఉండి, తపాలాబిళ్ళ అంటించే గడి చుట్టూ ‘ఏజో’ (AZO) అన్న అచ్చుంటే, ఆ గడి మూలల్లో త్రిభుజాలు చూడండి. నాలుగూ పైకి చూస్తుంటే 1904-1918 నాటి కాగితం. రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918-1930. ఇది కాగితం తయారైన కాలం. ఫోటో అంతకు ఒకటి రెండేళ్ళు తర్వాతదీ కావచ్చు.

పక్కకు వంచి వెలుతురులో చూస్తే నలుపు భాగాల అంచుల్లో అద్దంలా నీలి వెండిమెరుపు కనబడవచ్చు. అది జెలటిన్ పూతలోని వెండి పైకి తేలడం వల్ల వస్తుంది. ఆ ఫోటో జెలటిన్-సిల్వర్ పద్ధతిదన్నమాట. ఆ పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ భాగం నడిచింది. మెరుపు మురికి కాదు, తుడవకండి.

ఆ తర్వాత మనుషులు. ఒళ్ళో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డ ఎవరో తేలితే ఫోటో తేదీ తేలినట్టే. ఆ ఫోటోలో ఉన్నవాళ్ళలో పుట్టినతేదీ తెలిసినది ఆ బిడ్డదే కావచ్చు. చేతులు చూడండి, కాళ్ళు చూడండి, ఎవరి భుజం మీద ఎవరి చెయ్యి ఉందో చూడండి. వెనకాల తెర స్టూడియోదా, నిజమైన గోడా? స్టూడియోల్లో కుర్చీ, పుస్తకం, బట్టలు కూడా అద్దెకో వాడుకకో ఇచ్చేవాళ్ళు. చేతిలో పుస్తకం ఉంది కాబట్టి చదువుకున్న మనిషి అని రాసేయకండి.

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), ఫోటో నలుపు-తెలుపుదైనా రంగు మోడ్‌లో, టిఫ్ (TIFF) ఫైలుగా చేయండి. 10 × 15 సెంటీమీటర్ల ఫోటోకు సుమారు 25 ఎంబీ అవుతుంది. ఇంకా చిన్న ఫోటో అయితే 1200 డీపీఐ. వెనకవైపు ఖాళీగా ఉన్నట్టనిపించినా స్కాన్ చేయండి. చెరిగిన పెన్సిల్ రాత తెర మీద కాంట్రాస్టు పెంచితే పైకి తేలుతుంది. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫోటోను గోటితో లాగొద్దు. మైనం పూయని దంతదారాన్ని ఒక మూల నుంచి మెల్లగా రంపంలా జరుపుతూ విడదీయండి. రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి. ఫోటో వెనక పేరు రాయాలంటే మెత్తటి పెన్సిల్, అంచున మాత్రమే. బాల్‌పెన్ ముందువైపు అచ్చు పడుతుంది, సిరా ఏళ్ళు గడిచేకొద్దీ అవతలికి ఊరుతుంది. లామినేషన్ అసలే వద్దు, తీయడానికి వీలుండదు.

ఫోన్ యాప్‌లు పాత ముఖాన్ని స్పష్టం చేసి, రంగులద్ది ఇస్తాయి. అది ఆమె ముఖం కాదు. యంత్రం వేల ముఖాలు చూసి అల్లిన ఊహ. కనురెప్పలు, పళ్ళు, చర్మం రంగు అన్నీ కొత్తవే. ముచ్చటకు చేసుకున్నా, ఫైలు పేరులో ‘కల్పితం’ అని రాసి విడిగా పెట్టండి. లేకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత ఇంటివాళ్ళకు గుర్తుండేది ఆ ముఖమే.

కాగితాల్లో ఆమె ఎక్కడుంటుంది

ఆమె పేరుతో ఏమీ దొరకనప్పుడు ఆగిపోవడం రెండో పెద్ద తప్పు. ఆమె పిల్లలందరి కాగితాలూ తీయండి, మీ తాతవి మాత్రమే కాదు. ఒక బిడ్డ పుట్టిన కాగితంలో తల్లి పేరు ముద్దుపేరుగా ఉంటే, ఇంకో బిడ్డ పెళ్ళి కాగితంలో పూర్తి పేరుంటుంది. మూడో బిడ్డ చనిపోయిన కాగితంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉండొచ్చు. పిల్లలు అయిపోతే ఆమె తోబుట్టువులు, వాళ్ళ పెళ్ళిళ్ళకు సాక్షులు, పక్కింటివాళ్ళు. ఆమె తండ్రి వీలునామాలో ఆమె కూతురిగా ఉంటుంది, అక్కడ అత్తింటి పేరుతో సహా దొరకొచ్చు.

పేరు రాసే పద్ధతి దేశదేశానికీ వేరు. ఫ్రాన్స్, స్పెయిన్, స్కాట్లండ్ రికార్డుల్లో పెళ్ళయిన స్త్రీ పుట్టింటి పేరు నిలుస్తుంది. ఇంగ్లండ్, అమెరికాల్లో చాలాసార్లు భర్త పేరుకు ముందు ‘మిసెస్’ తగిలించి ఊరుకుంటారు, ఆమె సొంత పేరే ఉండదు. ఇంగ్లండ్‌లో పెళ్ళయిన స్త్రీ తన ఆస్తి తానే ఉంచుకునే హక్కు 1882 చట్టంతో పూర్తిగా వచ్చింది. అంతకుముందు వాళ్ళ వీలునామాలు అరుదుగా దొరకడానికి కారణం అదే. అమెరికాలో 1922 దాకా భార్య పౌరసత్వం భర్తను బట్టి నడిచింది. అందుకని అంతకుముందు వలస వచ్చిన భార్య పేరుతో విడిగా పౌరసత్వ కాగితం సాధారణంగా ఉండదు, భర్త కాగితమే తీయాలి. అమెరికా వలస కుటుంబాల్లో ‘ఎల్లిస్ ఐలండ్ (వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు కేంద్రం) అధికారులు పేరు మార్చేశారు’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఓడ జాబితాలు బయలుదేరిన రేవులోనే రాసేవాళ్ళు. ఎల్లిస్ ఐలండ్‌లో వాటిని సరిచూసేవాళ్ళు. పేరు మారింది ఎక్కువగా ఆ తర్వాత, ఆ కుటుంబం చేతుల్లోనే.

జనాభా లెక్కల్లో ఆమె బతుకుకు బాగా దగ్గరగా వచ్చిన ప్రశ్న ఒకటుంది. అమెరికా 1900, 1910 లెక్కల్లో తల్లులను ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. బ్రిటన్ 1911 లెక్కలో పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అని అడిగారు. ఆ ప్రశ్న భర్త ఉన్న స్త్రీలకు మాత్రమే. భర్త పోయినవాళ్ళు తెలియక జవాబు రాస్తే గుమాస్తా కొట్టేశాడు. కొట్టేసిన గీత కిందనుంచి అంకెలు చదవచ్చు, వదలకండి. ఇంగ్లండ్, వేల్స్ 1911 కాగితాలు ఇంటివాళ్ళు స్వయంగా నింపినవే. అంటే కొన్ని ఇళ్ళ విషయంలో ఆమె చేతిరాతే మీ ముందుంటుంది. అమెరికా 1940 లెక్కలో వివరాలు చెప్పిన మనిషి పేరు పక్కన సున్నా చుట్టిన ఇంటూ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఆమె పేరు పక్కన ఉంటే, ఆ ఇంటి వయసులూ చదువులూ ఆమె నోటివెంట వచ్చినవే.

ఏది ఎప్పుడు చూడొచ్చో కూడా తెలిసుండాలి. జనాభా లెక్కల్లోని వ్యక్తుల వివరాలను అమెరికా 72 ఏళ్ళకు బయటపెడుతుంది. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, 1960వి 2032లో రావాలి. 1890వి 1921 అగ్నిప్రమాదం వల్ల దాదాపుగా పోయాయి. బ్రిటన్ నూరేళ్ళు ఆగుతుంది. ఇంగ్లండ్, వేల్స్ 1921 లెక్క 2022లో వచ్చింది, 1931ది 1942లో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల తీయనేలేదు. భారతదేశంలో 1948 జనగణన చట్టం వ్యక్తుల కాగితాలు చూడనివ్వదు. అందుకని అక్కడ దారి రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పాఠశాల రిజిస్టర్లు, పెన్షన్ కాగితాలు, ఓటర్ల జాబితాలు. జనన మరణాల నమోదు ఇంగ్లండ్‌లో 1837 నుంచి, స్కాట్లండ్‌లో 1855 నుంచి, ఫ్రాన్స్‌లో 1792 నుంచి ప్రభుత్వం చేతిలో ఉంది. భారతదేశానికంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది.

వంశవృక్షాల వెబ్‌సైట్లకు డబ్బు కట్టే ముందు ఫ్యామిలీసెర్చ్ (FamilySearch) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడండి. పాత రికార్డులను ఫోటో తీసి దాచిన, 1938లో మొదలైన మైక్రోఫిల్మ్‌లను 24 లక్షల రీళ్ళదాకా డిజిటల్‌లోకి మార్చడం 2021లో పూర్తయింది. అందులో పేరు పెట్టి వెతికితే దొరికేది కొంతే. పేర్ల సూచిక తయారుకాని పేజీల బొమ్మలు చాలా ఉంటాయి, ప్రాంతం పేరుతో కేటలాగ్ తెరిచి పేజీలు ఒక్కొక్కటీ తిప్పాలి. కష్టమే కానీ, పేరు తప్పుగా చదివి ఎక్కించిన చోట కూడా కంటికి దొరికేది ఇలాగే.

దొరికిన ప్రతి కాగితాన్నీ ఒక మాట అడగండి: ఇది చెప్పిందెవరు, వాళ్ళకెలా తెలుసు? మరణ పత్రం మరణం విషయంలో గట్టి సాక్ష్యం. అందులోని పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు మాత్రం ఆ రోజు దుఃఖంలో ఉన్న ఎవరో గుర్తు తెచ్చుకుని చెప్పినవి. ఒకే కాగితంలో ఒక గడిని నమ్మి, ఇంకో గడిని పక్కన పెట్టాల్సి రావచ్చు. ఇంకోటి: అయిదు వెబ్‌సైట్లలో ఒకే తేదీ ఉంటే అయిదు సాక్ష్యాలు కావు. ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకున్నవైతే అది ఒక్క సాక్ష్యమే.

డీఎన్ఏ పరీక్ష గురించి కొంచెమే. తాతమ్మ నుంచి మీకు సగటున ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం వస్తుంది. తల్లి నుంచే బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ నలుగురిలో 15వ నంబరు తాతమ్మ నుంచి మాత్రమే మీదాకా వస్తుంది. చేయించాలనుకుంటే మీకంటే ముందు ఇంటి పెద్దవాళ్ళకు చేయించండి, వాళ్ళలో ఆమె వాటా ఎక్కువ. అనుకోని తండ్రి పేరు బయటపడే అవకాశం ఉందని ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయించండి.

రాయడం

ముందు కాలక్రమం పట్టిక వేయండి: ఏడాది, ఆమె వయసు, ఏం జరిగింది, మూలం. వయసు గడి చాలా ముఖ్యం. ‘1908లో పెళ్ళి, 1910లో మొదటి బిడ్డ, 1918లో భర్త మరణం’ అని చదివితే తేదీలు. అదే పక్కన 22, 24, 32 అని రాసి చూడండి. ముప్పై రెండేళ్ళ మనిషి, ఇంట్లో పిల్లలు, చేతిలో ఏముంది అన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది. తర్వాత వెతకాల్సింది అదే.

తెలుగులో రాసేవాళ్ళకు ఒక గొప్ప వసతి ఉంది. ‘ఆమె ఒంటరిగా వెళ్ళింది’ వేరు, ‘వెళ్ళిందట’ వేరు, ‘వెళ్ళి ఉండాలి’ వేరు. కాగితం ఉన్నదానికి మొదటిది, విన్నదానికి రెండోది, మీరు కూడగట్టి ఊహించినదానికి మూడోది వాడండి. ఈ నియమం పుస్తకమంతా తప్పకుండా పాటిస్తే చదివేవాళ్ళకు ఎక్కడ నిలబడ్డారో ప్రతి వాక్యంలోనూ తెలుస్తుంది. ఆమె మనసులో ఏమనుకుందో రాయకండి. చేసింది రాయండి, అన్న మాట ఎవరికైనా గుర్తుంటే ఆ మాటను ఆ యాసలోనే, దిద్దకుండా రాయండి.

పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలని లేదు. బాగా తెలిసిన ఒక రోజుతోనో, ఇంటి పటంతోనో, ఆమె వాడిన ఒక వస్తువుతోనో మొదలుపెట్టొచ్చు. ఒక వస్తువుకు ఒక పేజీ ఇవ్వండి. కొలతలు, అరిగిన చోటు, ఆమె చేతికి ఎలా వచ్చింది, తర్వాత ఎవరికి వెళ్ళింది. పెట్టె గడియ ఒకవైపే అరిగిందంటే ఏ చేత్తో తీసేదో కూడా తెలుస్తుంది. దొరకని ఏళ్ళను దాచకండి. ‘1919 నుంచి 1926 దాకా ఏమీ దొరకలేదు, ఫలానా ఫలానా చోట వెతికాం’ అని రాస్తే తర్వాత వెతికేవాళ్ళకు అక్కడినుంచి మొదలుపెట్టడానికి వీలుంటుంది.

నిలబెట్టడం

ఫైలు పేర్లు తేదీతో మొదలవ్వాలి, ఏడాది-నెల-రోజు వరసలో. నెల తెలియకపోతే 1934-00-00. ఆ తర్వాత తాతమ్మ అంకె, ఆ తర్వాత ఏమిటన్నది. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గి, తేదీ వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి. తెలుగు టైపింగు యూనికోడ్‌లోనే ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. వంశవృక్షం ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా జెడ్‌కామ్ (GEDCOM) అనే వంశవృక్షాల ఉమ్మడి ఫార్మాట్ ఫైలుగా బయటికి తీసి దాచండి. ఆ కంపెనీ మూతపడినా ఇంకో దాంట్లో తెరుచుకుంటుంది. ఫోటోలూ అసలు కాగితాలూ ఆమ్లం లేని కవర్లలో, తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండే చోట పెట్టండి. అటక, వంటగదికి ఆనుకున్న గోడ రెండూ పనికిరావు.

బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు, చిరునామాలు ఇంటర్నెట్‌లో పెట్టకండి, పుస్తకంలో కూడా అవసరమైనంతే ఉంచండి.

అచ్చు వేయించే ముందు పెద్ద అక్షరాల్లో ఒక ప్రతి తీసి, ప్రతి పేజీకీ పక్కన వెడల్పుగా ఖాళీ వదిలి, మీకు కబుర్లు చెప్పిన పెద్దవాళ్ళందరికీ ఇవ్వండి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి, అప్పుడూ రికార్డు చేయండి. ‘ఇది కాదు, అలా జరగలేదు’ అన్న దగ్గరే మొదటి విడతలో రానివి వస్తాయి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ వేయండి, ఎవరి మాట ఏదో పేర్కొనండి. మొదటి పేజీ అడుగున తేదీ, ఎన్నో ప్రతి అన్నది రాయండి. వెనక నాలుగు తెల్లకాగితాలు కలిపి కుట్టించండి.